అడిలైడ్ క్రాప్సీ

అడిలైడ్ క్రాప్సీ (సెప్టెంబరు 9, 1878 - అక్టోబరు 8, 1914) అమెరికా దేశానికి చెందిన కవయిత్రి, ఛందశ్శాస్త్ర పరిశోధకురాలు. ఆంగ్లంలో 'సింక్వైన్' అనే ఐదు పాదాల లఘు కవితారూపాన్ని ప్రవేశపెట్టింది ఈమెయే. ఆ రూపము పాఠశాలల దాకా వ్యాపించినా, దానిని రూపొందించినది ఎవరో ఎరిగినవారు తక్కువ.

జీవితము

ఈమె బ్రూక్లిన్‌లో జన్మించి, న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ నగరంలో పెరిగింది. తండ్రి ఆల్జెర్నాన్ క్రాప్సీ ఎపిస్కోపల్ చర్చిలో మతాచార్యుడు. చర్చి సిద్ధాంతాలకు విరుద్ధంగా బోధిస్తున్నాడన్న అభియోగంపై 1906లో విచారణ జరిగి, ఆయన ఆ పదవిని కోల్పోయాడు. అడిలైడ్ 1901లో వాసర్ కళాశాలలో పట్టభద్రురాలైంది. 'డాడీ లాంగ్ లెగ్స్' నవల రచించిన జీన్ వెబ్‌స్టర్ అక్కడ ఈమెకు సహాధ్యాయిని, ఆప్తమిత్రురాలు. పిమ్మట రోమ్ నగరంలో కొంతకాలం పురావస్తుశాస్త్రం అభ్యసించింది. 1911 నుండి స్మిత్ కళాశాలలో కావ్యశాస్త్రం బోధించింది. క్షయవ్యాధి సోకినా బోధన, పరిశోధన మానలేదు. 1913లో ఆరోగ్యం పూర్తిగా దెబ్బతినడంతో, క్షయ చికిత్సకు పేరొందిన సరనాక్ లేక్ అనే ఊరికి చేరింది. అక్కడ ఆమె గది కిటికీ నుండి శ్మశానవాటిక కనిపించేది. ఆ కిటికీ క్రింది మృతులను సంబోధిస్తూ ఆమె ఒక దీర్ఘకవిత వ్రాసింది. మరణాన్ని నిశ్శబ్దంగా అంగీకరించడానికి నిరాకరించే ధోరణి అందులో తీవ్రంగా ఉంటుంది. 36 ఏళ్ళ వయసులో రోచెస్టర్‌లో మరణించింది.

ఛందస్సు

ఆమె తన ముఖ్యకృషిగా భావించినది కవిత్వాన్ని కాదు, ఛందోపరిశోధనను. మిల్టన్, పోప్, టెన్నిసన్ మొదలైన కవుల రచనలలోను, పిల్లల గేయాలలోను ఏకాక్షర, ద్వ్యక్షర, బహ్వక్షర పదాలు ఏ నిష్పత్తిలో ఉన్నాయో ఓపికగా లెక్కించింది. ఇక్కడ అక్షరమనగా సిలబుల్ అని గ్రహించాలి. అసంపూర్ణంగా మిగిలిన ఈ గ్రంథము 1918లో 'ఎ స్టడీ ఇన్ ఇంగ్లీష్ మెట్రిక్స్' అనే పేరుతో వెలువడింది.

సింక్వైన్ ఈ లెక్కల నుండి పుట్టినదే. జపనీయుల హైకూ, తంకాల ప్రభావం కూడా దానిపై ఉంది. ఇందులో పాదాలకు వరుసగా 2, 4, 6, 8, 2 చొప్పున మొత్తం 22 అక్షరాలు ఉంటాయి. ఊనికలు 1, 2, 3, 4, 1. నాలుగవ పాదం వరకు విస్తరిస్తూ వచ్చిన భావము చివరి పాదంలో హఠాత్తుగా కుదించుకుపోతుంది. ఆ రూపానికి బలం ఈ విరుపులోనే ఉంది. తెలుగులో ఎన్.గోపి ప్రవేశపెట్టిన నానీలు కూడా 20-25 అక్షరాలలో ముగుస్తాయి. అయితే వాటికి పాదాలు నాలుగే. రెంటికీ సంబంధం లేదు.

పాఠశాలల్లో సింక్వైన్ పేరుతో నేర్పే అభ్యాసం చాలావరకు వేరు. మొదటి పాదంలో ఒక నామవాచకము, రెండవదానిలో రెండు విశేషణాలు, ఇలా పదాలను లెక్కించే ఆ పద్ధతి పిల్లలకు వ్యాకరణం నేర్పడానికి పనికివస్తుంది గాని, క్రాప్సీ ఉద్దేశించిన లయ అందులో ఉండదు.

ప్రచురణ, ప్రభావము

ఆమె కవితాసంపుటి 'వర్స్' మరణానంతరము 1915లో వెలువడింది. దీనిని రోచెస్టర్‌కు చెందిన వాస్తుశిల్పి క్లాడ్ బ్రాగ్డన్ తన మానస్ ప్రెస్ ద్వారా ప్రచురించాడు. ఇందులో 28 సింక్వైన్‌లు ఉన్నాయి. కార్ల్ శాండ్‌బర్గ్ 1918 నాటి తన 'కార్న్‌హస్కర్స్' సంపుటిలో ఈమె పేరు మీదనే ఒక కవిత వ్రాశాడు. విమర్శకుడు ఐవర్ వింటర్స్ ఈమెను ఉన్నతశ్రేణి కవయిత్రిగా పరిగణించాడు. సమగ్ర కవితలు, లేఖలు సుసాన్ సట్టన్ స్మిత్ సంపాదకత్వంలో 1977లో వచ్చాయి.