పోయిందనుకున్న ముక్క: జానెట్ రౌలీ పరిశోధన

దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ వచ్చినవారి కణాల్లో మామూలుకన్నా పొట్టిగా ఉండే ఒక క్రోమోజోమ్‌ను 1960లో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫోర్డ్ గుర్తించారు. అది బయటపడిన నగరం పేరుతోనే దాన్ని ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ అన్నారు. అందులో కొంత భాగం ఊడిపోయి నశించిందని చాలామంది భావించారు. ఆ భాగం నశించలేదని, ఫలానా చోట ఉందని 1973లో చూపించినవారు షికాగో వైద్యురాలు జానెట్ రౌలీ.

1925లో న్యూయార్క్‌లో పుట్టిన రౌలీ, పదిహేనేళ్లకే స్కాలర్‌షిప్‌తో షికాగో విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడి వైద్య కళాశాలలో 65 సీట్లు ఉంటే ఆడవాళ్లకు దక్కేవి మూడే. ఆ మూడూ నిండిపోవడంతో ఆమె తొమ్మిది నెలలు ఆగాల్సివచ్చింది. 1948లో ఎం.డి. పట్టా అందుకున్న మర్నాడే డొనాల్డ్ రౌలీని పెళ్లి చేసుకున్నారు. నలుగురు కొడుకులను పెంచుతూ, చాలా ఏళ్లు వారంలో కొద్దిరోజులే ఉద్యోగం చేశారు. అలా పనిచేసిన చోట్లలో ఒకటి డౌన్ సిండ్రోమ్ పిల్లల క్లినిక్. ఆ పిల్లల్లో 21వ క్రోమోజోమ్ ఒకటి అదనంగా ఉంటుందని 1959లో ఫ్రాన్స్‌లో తేలడంతో ఆమె ఆసక్తి క్రోమోజోముల మీదికి మళ్లింది.

భర్త పరిశోధన సెలవు మీద ఆక్స్‌ఫర్డ్ వెళ్లినప్పుడు ఆమె కూడా అక్కడ క్రోమోజోములను పరిశీలించే పద్ధతులు నేర్చుకున్నారు. 1962లో షికాగోకు తిరిగొచ్చాక రక్తవ్యాధుల నిపుణుడు లియోన్ జాకబ్సన్ ఆమెకు ఒక మైక్రోస్కోపు, పని చేసుకోవడానికి కాస్త చోటు, కొద్దిపాటి జీతం ఇచ్చారు. ల్యుకేమియా రోగుల కణాలు, దానికి దారితీసే ఎముక మజ్జ లోపాలున్నవారి కణాలు పరీక్షించడం ఆమె పని.

ఏళ్లు గడిచినా స్పష్టమైన ఫలితం రాలేదు. లోపం ఆమె శ్రద్ధలో లేదు. అప్పటి పద్ధతుల్లో పొడవు, ఆకారం తప్ప క్రోమోజోములను వేరుచేసే గుర్తులు దొరికేవి కావు. 1970లో మళ్లీ ఆక్స్‌ఫర్డ్ వెళ్లినప్పుడు కొత్త సాధనం చేతికొచ్చింది. క్వినాక్రిన్ అనే రంగు పట్టించి అతినీలలోహిత కాంతిలో చూస్తే ప్రతి క్రోమోజోమ్ మీదా దానికే ప్రత్యేకమైన అడ్డచారలు మెరుస్తాయి. స్వీడన్‌లో కాస్పర్సన్ బృందం రూపొందించిన ఈ పద్ధతిని ఆమె షికాగోకు తెచ్చుకున్నారు.

ఫొటోల్లోని క్రోమోజోములను కత్తెరతో కత్తిరించి, ఇంట్లో భోజనాల బల్ల మీద జతలుగా పేర్చేవారు. అమ్మ కాగితం బొమ్మలతో ఆడుకుంటోందని పిల్లలు ఆటపట్టించేవారు. 1972లో ముందుగా, తీవ్ర మైలాయిడ్ ల్యుకేమియా ఉన్నవారిలో 8, 21 క్రోమోజోములు పరస్పరం ముక్కలు మార్చుకున్నట్టు కనిపించింది. తర్వాత ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ రోగుల ఫొటోలు పరిశీలించారు. 22వ క్రోమోజోమ్ ఎంత తరిగిందో, 9వ క్రోమోజోమ్ చివర దాదాపు అంత పెరిగి ఉంది! 1973 జూన్‌లో ‘నేచర్’ పత్రిక ఈ పరిశీలనను ప్రచురించింది.

క్రోమోజోముల్లో కనిపించే గందరగోళం క్యాన్సర్ వల్ల వచ్చేదే గానీ క్యాన్సర్‌కు కారణం కాదని చాలామంది శాస్త్రవేత్తలు నమ్మిన రోజులవి. ఆమె వాదించడం కన్నా రుజువులు కూడగట్టడం మీదే దృష్టి పెట్టారు. తీవ్ర ప్రోమైలోసైటిక్ ల్యుకేమియాలో 15, 17 క్రోమోజోముల మార్పిడిని 1977లో ఆమె బృందం వెల్లడించింది. ఒక్కో రకం ల్యుకేమియాలో ఒక్కో మార్పిడి పదేపదే కనిపిస్తుంటే దాన్ని యాదృచ్ఛికం అనడం కష్టమైంది. ఆమె కృషిలో అన్నిటికన్నా విలువైనది ఈ ఓపికే.

9వ క్రోమోజోమ్‌లోని ఏబీఎల్ జన్యువు 22లోని బీసీఆర్‌తో అతుక్కుంటుందని 1980లలో తేలింది. ఆ అతుకు జన్యువు తయారుచేసే ఎంజైమ్ ఆగకుండా పనిచేస్తూ తెల్లకణాలను విపరీతంగా పెంచుతుంది. దాన్ని అడ్డుకునే ఇమాటినిబ్ మాత్రకు 2001లో అమెరికా అనుమతి లభించింది. అంతకుముందు కొన్నేళ్లకే ప్రాణం తీసిన జబ్బు, ఇప్పుడు చాలామందికి మాత్రతో అదుపులో ఉండే జబ్బయింది. ఇమాటినిబ్‌ను హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా 2003లో తక్కువ ధరకు తెచ్చింది. ఈ మందు విషయంలో దాని తయారీ సంస్థ నోవార్టిస్ కోరిన పేటెంట్‌ను 2013లో భారత సుప్రీంకోర్టు తిరస్కరించింది.

రౌలీకి 1998లో నోవెల్, ఆల్‌ఫ్రెడ్ నూడ్సన్‌లతో కలిపి లాస్కర్ అవార్డు, 2009లో అమెరికా అధ్యక్షుడి స్వాతంత్ర్య పతకం లభించాయి. ఎనభై దాటాక కూడా సైకిల్ మీద ల్యాబ్‌కు వెళ్లేవారు. అండాశయ క్యాన్సర్ వల్ల 2013 డిసెంబర్ 17న, 88 ఏళ్ల వయసులో షికాగోలో కన్నుమూశారు.