బోయజు పొలము నుండి విశాఖ తీర్పు వరకు: పనిచేసే చోట స్త్రీ గౌరవము, యజమాని బాధ్యత

ఉపోద్ఘాతము

పనిచేసే చోట స్త్రీలపై జరిగే లైంగిక వేధింపులను గూర్చి మన సంఘములలో ప్రసంగము వినబడుట అరుదు. వినబడినప్పుడు కూడ వ్యభిచారమును నిషేధించిన ఆజ్ఞనో, పోతీఫరు ఇంటినుండి యోసేపు పారిపోయిన వృత్తాంతమునో చెప్పి ముగిస్తాము. ఈ రెండు పాఠములూ వ్యక్తి పరిశుద్ధతను బోధిస్తాయి; అది అవసరమే. అయితే పొలములోగాని, ఆసుపత్రిలోగాని, పాఠశాలలోగాని వేధింపు జరిగినప్పుడు తప్పు చేసినవాడు, బాధపడిన స్త్రీ అని ఇద్దరే ఉండరు. పని అప్పగించి, జీతమిచ్చి, ఆ స్థలముమీద అధికారము చేసే యజమాని కూడ ఉంటాడు. ఆ యజమాని ముందుగా ఏమి చేశాడు, ఏమి చేయక విడిచాడు అనే ప్రశ్నను చాలకాలము ఎవరూ అడగలేదు.

ఆ ప్రశ్నకు పరిశుద్ధ గ్రంథములో ఎలాంటి ఆధారమున్నదో, మన దేశ న్యాయచరిత్రలో అది ఎలా పుట్టి పెరిగినదో, దానికి మన సంఘ సంస్థలు ఏమి జవాబు చెప్పవలెనో ఈ వ్యాసములో పరిశీలిస్తాము.

1. బేత్లెహేము పొలములో యజమాని ఆజ్ఞ

రూతు గ్రంథము రెండవ అధ్యాయమును మనము దేవుని ఏర్పాటు, బంధువు ధర్మము అనే కోణములలో చదువుట అలవాటు. దానిని ఒక పనిస్థలపు వృత్తాంతముగా చదివితే మరికొన్ని సంగతులు కనబడతాయి. రూతు మోయాబీయురాలు, విధవరాలు. యవలకోతలో కోసేవారి వెనుక పరిగె ఏరుకొనుటకు వచ్చినది. ఆమె పక్షముగా నిలబడే మగదిక్కు ఆ ఊరిలో లేదు. బోయజు పొలానికి వచ్చి ఆమె ఎవరని విచారించిన తరువాత, ఆమెను ముట్టకూడదని తన పనివారికి ఆజ్ఞాపించిన సంగతి ఆమెకే తెలియజేశాడు (2:9). దప్పికైతే పనివారు చేదిన నీళ్లు త్రాగవచ్చునన్నాడు. తరువాత ఆమెను అవమానపరచవద్దని (2:15), గద్దింపవద్దని (2:16) పనివారికి మరల చెప్పాడు. సాయంకాలము నయోమి ఆ మాటలు విని, వేరొక పొలములో ఎవరును నీకు కీడు చేయకుండునట్లు బోయజు పనికత్తెలతోనే ఉండుట మేలన్న భావముతో కోడలిని హెచ్చరించినది (2:22).

ఇక్కడ హెబ్రీ మూలములోని క్రియలు గమనింపదగినవి. ‘నాగా’ అనునది చేయి వేయుటను, ‘కాలమ్’ సిగ్గుపరచుటను, ‘గాఅర్’ గద్దించుటను, ‘పాగా’ ఎదురుపడి మీదపడుటను సూచిస్తాయి. అనగా పొలములో స్త్రీకి కలిగే హాని చేతితోనే కాదు, మాటతోను, బెదిరింపుతోను కలుగునని ఈ గ్రంథకర్తకు తెలుసు.

మరి రెండు సంగతులున్నాయి. బోయజు హాని జరిగిన తరువాత విచారణ చేయలేదు. జరుగకముందే ఆజ్ఞ ఇచ్చాడు. రెండవదిగా, ‘నీవు ఒద్దికగా ఉండుము’ అని రూతుకు పాఠము చెప్పలేదు. కట్టుబాటును తన మగ పనివారిమీద పెట్టాడు. అయితే ఈ రక్షణకు ఒక హద్దు కూడ ఉన్నది. అది బోయజు మంచితనముమీద ఆధారపడినది. ప్రక్క పొలము మీద నయోమికి నమ్మకము లేదు. బోయజు లేని పొలములో రూతు గతి ఏమి? ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసినది న్యాయశాసనము.

2. మన నేలమీద పని, పరువు

తెలుగు నేలకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. నిజాము కాలములో తెలంగాణ దొరల గడీలలో ఆడబాప అనే ఆచారముండేది. దొరగారి కుమార్తెకు పెండ్లి జరిగినప్పుడు ఆమె వెంట పేద బాలికలను పనికత్తెలుగా అత్తవారింటికి పంపేవారు. వారు ఇంటి చాకిరి చేయుటయేగాక ఆ ఇంటి పురుషుల ఇచ్ఛకు లోబడవలసివచ్చేది. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ సాయుధ పోరాటమును గూర్చిన తన గ్రంథములో వెట్టిచాకిరితోపాటు దీనిని కూడ వివరించారు. పని ఇచ్చేవానికి పనిచేసే స్త్రీ శరీరముమీద కూడ హక్కున్నదనే భావము అక్కడ ఆచారముగానే నిలిచినది.

మన సంఘచరిత్రలోనే మరొక రకమైన పనిస్థలము కనబడుతుంది. 1878 జూలై 3న ఒంగోలు మిషనులో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మనము తరచుగా చెప్పుకొంటాము. దానికి ముందున్న కరువు కాలములో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసుకొని, బోధకులను పైవిచారణకు నియమించి, ఆకలితో ఉన్న బీదలకు కూలి ఇప్పించిన సంగతి అంతగా చెప్పుకోము. ఆ సంఘపు ఎదుగుదలకు ముందు ఒక పనిస్థలమున్నది. దానిమీద ఒక బాధ్యతగల యజమాని ఉన్నాడు.

ఆ తరువాత మన ప్రాంతములో స్త్రీలు ఉపాధ్యాయినులుగా, నర్సులుగా, బైబిలు స్త్రీలుగా జీతపు పనిలోనికి వచ్చుటలో మిషను సంస్థల పాత్ర చాల గొప్పది. 1883లో గుంటూరుకు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898 నాటికి అక్కడ స్త్రీల ఆసుపత్రిని నిలబెట్టారు. స్త్రీలను ఇంటినుండి పనిలోనికి పిలిచిన సంఘమే ఆ పనిస్థలములో వారి గౌరవమునకు పూచీ వహించవలెననుట న్యాయమే గదా.

3. శిక్షాస్మృతి నుండి విశాఖ తీర్పు వరకు

1860 నాటి భారత శిక్షాస్మృతిలో 354, 509 సెక్షనులు స్త్రీ మర్యాదకు భంగము కలిగించుటను నేరముగా ఎంచాయి. అందులో యజమాని ప్రస్తావన లేదు. పనిచేసే చోట జరిగే ఈ అన్యాయానికి ప్రత్యేకమైన పేరు కూడ చాలకాలము లేదు. 1975లో అమెరికాలోని ఇథాకా పట్టణములో ఉద్యోగినుల పక్షమున పనిచేసిన స్త్రీలు ‘లైంగిక వేధింపు’ అనే పేరును ప్రచారములోనికి తెచ్చిన తరువాతనే అది న్యాయచర్చలోనికి వచ్చినది.

మన దేశములో 1988లో పంజాబులో ఐ.ఏ.ఎస్. అధికారిణి రూపన్ దేవల్ బజాజ్ రాష్ట్ర పోలీసు అధిపతి కె.పి.ఎస్. గిల్ మీద ఫిర్యాదు చేశారు. హైకోర్టు దానిని అల్పమైన సంగతిగా ఎంచి కొట్టివేసింది. 1995లో సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసిపుచ్చినది. 1996లో గిల్ దోషియని తేలినది. 2005లో సుప్రీంకోర్టు దానిని ఖాయము చేసినది. అంత హోదాగల స్త్రీకే పదిహేడు సంవత్సరములు పట్టినప్పుడు దినకూలి స్త్రీ ఎక్కడికి వెళ్లగలదు?

అటువంటి స్త్రీయే చట్టపు చరిత్రను మార్చినది. రాజస్థానులోని భటేరీ గ్రామములో భంవరీ దేవి కుమ్మరి కులస్థురాలు. రాష్ట్ర ప్రభుత్వపు మహిళాభివృద్ధి కార్యక్రమములో ‘సాథిన్’గా పనిచేసేది. 1992లో ఒక పసిబిడ్డ పెండ్లిని ఆపుటకు ప్రయత్నించుట ఆమె ఉద్యోగధర్మము. అందుకు కక్షగట్టిన పైకులస్థులు అదే సంవత్సరము సెప్టెంబరు 22న పొలములో ఆమె భర్తను కొట్టి, ఆమెను సామూహికముగా చెరిచారని ఆమె ఫిర్యాదు చేసినది. 1995లో క్రింది కోర్టు ఆ నేరము రుజువు కాలేదని నిందితులను విడిచిపెట్టినది. ఆ తీర్పులోని కులభావము దేశమంతట విమర్శకు గురియైనది. అప్పీలు ఏళ్ల తరబడి హైకోర్టులో నిలిచిపోయినది.

ఆమె చేసినది ప్రభుత్వపు పని. ఆ పని చేసినందుకే ఆమెకు హాని కలిగినది. ఆమెను పంపిన యజమాని ఆమెకు ఏ రక్షణా కల్పించలేదు. ఈ సంగతినే ‘విశాఖ’ మొదలైన స్త్రీల సంస్థలు సుప్రీంకోర్టు ముందుంచాయి. (విశాఖ అనగా మన రేవుపట్టణము కాదు, రాజస్థానులోని ఒక సంస్థ పేరు.) 1997 ఆగస్టు 13న ప్రధాన న్యాయమూర్తి జె.ఎస్. వర్మ, న్యాయమూర్తులు సుజాతా మనోహర్, బి.ఎన్. కిర్పాల్ తీర్పు చెప్పారు. పనిచేసే చోట లైంగిక వేధింపు రాజ్యాంగపు 14, 15, 19, 21 అధికరణములలోని సమానత, వృత్తి, జీవన హక్కులకు భంగమని, దానిని నివారించుట యజమాని విధియని, ప్రతి సంస్థలో స్త్రీ అధ్యక్షతన ఫిర్యాదుల సంఘముండవలెనని, అందులో బయటి వ్యక్తి కూడ ఉండవలెనని నిర్దేశించారు. 1993లో భారతదేశము అంగీకరించిన ఐక్యరాజ్యసమితి స్త్రీల ఒడంబడికను కూడ దీనికి ఆధారముగా తీసుకొన్నారు. 1999లో అప్పారెల్ ఎక్స్‌పోర్ట్ ప్రమోషన్ కౌన్సిల్ కేసులో, శరీరస్పర్శ జరిగినట్లు రుజువు కాకపోయినంత మాత్రమున వేధింపు లేదనుట తప్పని సుప్రీంకోర్టు చెప్పినది. బోయజు ‘ముట్టవద్దు’ అనుటతో ఆగక ‘అవమానపరచవద్దు’ అని కూడ ఎందుకు చెప్పాడో ఇక్కడ గుర్తుకు వస్తుంది.

4. 2013 చట్టము

విశాఖ మార్గదర్శకములు పదిహేను సంవత్సరములు చట్టమునకు బదులుగా నిలిచాయి. వాటి అమలు సరిగా లేదని 2012 అక్టోబరులో మేధా కొత్వాల్ లేలే కేసులో సుప్రీంకోర్టే చెప్పినది. డిసెంబరులో ఢిల్లీ ఘోరము తరువాత నియమింపబడిన సంఘానికి అధ్యక్షులు అదే జస్టిస్ వర్మ. పనిస్థలములో వేధింపుల నివారణ, నిషేధ, పరిష్కార చట్టానికి రాష్ట్రపతి ఆమోదము లభించిన 2013 ఏప్రిల్ 22వ తేదీననే ఆయన మరణించారు. ఆ చట్టము 2013 డిసెంబరు 9 నుండి అమలులోనికి వచ్చినది.

పదిమంది లేక అంతకుమించి పనిచేసే ప్రతి సంస్థలో అంతర్గత సంఘము తప్పనిసరి. అధ్యక్షురాలు సీనియరు ఉద్యోగినియై యుండవలెను. సభ్యులలో కనీసము సగము మంది స్త్రీలు, ఒకరు బయటివారు కావలెను. పదిమందికంటె తక్కువైతే, లేక ఫిర్యాదు యజమాని మీదనే అయితే, జిల్లాలోని స్థానిక సంఘమును ఆశ్రయించవచ్చును. ఫిర్యాదుకు మూడు నెలల గడువు. తగిన కారణముంటే మరి మూడు నెలలు. విచారణ 90 దినములలో ముగియవలెను. సంఘమును ఏర్పాటు చేయని యజమానికి 50,000 రూపాయల వరకు జరిమానా. జీతము లేక స్వచ్ఛందముగా పనిచేసే స్త్రీలకు, శిక్షణలో ఉన్నవారికి, ఇంటిపనివారికి కూడ ఇది వర్తిస్తుంది. ట్రస్టులు, సొసైటీలు, ఆసుపత్రులు, విద్యాసంస్థలు దీని పరిధిలోనివే. ‘మాది దేవుని పని, చట్టము మాకు కాదు’ అనుటకు చోటు లేదు.

అయినను 2023 మేలో ఆరేలియానో ఫెర్నాండెస్ కేసులో అమలులో తీవ్రమైన లోపములున్నాయని సుప్రీంకోర్టు గుర్తించినది. 2024 డిసెంబరులో ప్రతి జిల్లాలో అధికారిని నియమించవలెనని గడువులు పెట్టినది. శాసనము వ్రాయబడినంత మాత్రమున పొలము మారదు.

5. మన సంస్థలలోని మూడు అడ్డంకులు

మా పరిచర్యలో ఒక సంస్థ పాలక సభలో మేమును కూర్చున్నాము. ఒక యువతి తన పైఅధికారిని గూర్చి ఏడ్చుచు చెప్పినప్పుడు మేము చేసినది ప్రార్థన. ఆ తరువాత ఆమెకు మరొక ఊరికి బదిలీ. అధికారి తన కుర్చీలోనే ఉన్నాడు. సంస్థ పరువు కాపాడామనుకొన్నాము. కొన్ని నెలలలో ఆమె ఉద్యోగము మానివేసినది. ఆ దినమున మేము వాక్యమునే ఆధారముగా చెప్పుకొన్నాము. అందుచేత ఆ వాక్యములను మరల పరిశీలించుట మాకు బాకీ.

మొదటిది మత్తయి 18:15-17. తప్పు చేసినవానిని ఒంటరిగా కలిసి మాట్లాడుమని చెప్పే ఈ భాగము సహోదరుల మధ్య సంగతి. తన జీతము ఎవరి సంతకముమీద ఆధారపడి ఉన్నదో వానితో గది తలుపు మూసుకొని ఒంటరిగా మాట్లాడుమని ఆమెను పంపుట ఈ వాక్యపు ఉద్దేశము కాదు. అదే అధ్యాయపు ఆరంభములో ప్రభువు చిన్నవారికి ఆటంకము కలిగించువానిని ఎంత కఠినముగా హెచ్చరించెనో మరువరాదు. చట్టము కూడ రాజీకి చోటిచ్చినది. కాని ఆమె కోరితేనే, అదియు డబ్బు లేకుండ.

రెండవది ఇద్దరు ముగ్గురు సాక్షుల నియమము (1 తిమోతి 5:19). ఈ అపరాధము సాక్షులు లేని చోట వెదకుకొంటుంది. ధర్మశాస్త్రమునకు ఈ సంగతి తెలుసు. ద్వితీయోపదేశకాండము 22:25-27లో పొలములో బలాత్కరింపబడిన స్త్రీ కేక వేసినను రక్షించువాడు లేకపోయెనని ఎంచి, ఆమె యందు పాపము లేదని ధర్మశాస్త్రము తీర్పు చెప్పినది. ఆ నేరమును నరహత్యతో పోల్చినది. అక్కడ సాక్షులు లేకపోవుట ఆమె మీద నేరము కాలేదు. పౌలు మాట పెద్దలను తేలికపాటి నిందనుండి కాపాడుటకే గాని విచారణను ఆపుటకు కాదు. తరువాతి వచనములోనే పాపము చేయువారిని అందరి యెదుట గద్దింపుమన్నాడు.

మూడవది యోసేపు వృత్తాంతము. స్త్రీలు అబద్ధపు నిందలు వేస్తారనుటకు దీనిని వాడుతున్నాము. ఆ ఇంటిలో దినదినము వేధింపబడినది అధికారము లేని బానిస. వేధించినది అధికారము గలవారు. పోతీఫరు విచారణ లేకుండ ఒక పక్షపు మాట విని బానిసను చెరసాలలో వేశాడు. ఈ కథ చెప్పేది విచారణ అవసరమనియే. బుద్ధిపూర్వకముగా అబద్ధపు ఫిర్యాదు చేసినవారిమీద చర్యకు చట్టములో చోటున్నది. అయితే రుజువు చేయలేకపోవుట మాత్రమే అబద్ధము కాదని కూడ అందులోనే ఉన్నది.

ముగింపు

చరిత్రను చూస్తే ఒకే మార్పు స్పష్టముగా కనబడుతుంది. నాడు స్త్రీ ‘మర్యాద’ ఆమె కాపాడుకోవలసినది. నేడు ఆమె గౌరవము యజమాని ముందుగా కాపాడవలసినది. భటేరీలోని ఒక కుమ్మరి స్త్రీకి జరిగిన అన్యాయము దేశానికి ఈ పాఠము నేర్పినది. ఆమెకు మాత్రము న్యాయము దొరకలేదని చెప్పుకొన్నప్పుడు మన తల వంగవలెను.

సంఘ సంస్థలలో ప్రతి ఆసుపత్రి, పాఠశాల, హాస్టలు, వేదాంత కళాశాల ఈ సంవత్సరమే తనను తాను ప్రశ్నించుకోవలెను. అంతర్గత సంఘమున్నదా? దాని సభ్యుల పేర్లు గోడమీద ఉన్నాయా? బయటి సభ్యురాలు నిజముగా బయటివారేనా, లేక పాలక సభ సభ్యుని బంధువా? క్షేత్రసేవకు పంపబడే విద్యార్థినికి ఎవరికి చెప్పవలెనో తెలుసా? ఫిర్యాదు చేసిన స్త్రీని బదిలీ చేయుటకు బదులు, విచారణ ముగిసేవరకు అధికారిని ప్రక్కన ఉంచే ధైర్యము మనకున్నదా? కాపరి న్యాయాధిపతి కాడు. విచారణను దానికి తగిన సంఘమునకు అప్పగించి, బాధపడినవారి ప్రక్కన నిలబడుట కాపరి పని.

బోయజు తన పొలములోనికి అడుగుపెట్టిన దినముననే ఆజ్ఞ ఇచ్చాడు. మనము ఇంకను ఇవ్వలేదంటే, ఆలస్యము చేసినది మనమే.