మెరుగు కథ: కాకతీయుల రాతి నుండి కారు రంగు వరకు

వరంగల్లుతో కలిసిపోయిన హనుమకొండలో వేయిస్తంభాల గుడి ఉన్నది. కాకతీయ రుద్రదేవుడు 1163లో దానిని కట్టించినట్లు అక్కడి శాసనం వల్ల తెలుస్తున్నది. ఆ గుడిలోని నల్లరాతి నందిని, స్తంభాలను చూచినవారికి కలిగే మొదటి సందేహం ఒకటే: ఈ రాతికి ఇంత నిగనిగ ఎక్కడిది? దానికి రంగు పూయలేదు, లక్క పట్టించలేదు. ఎనిమిదిన్నర శతాబ్దాలు గడిచినా ఆ నునుపు నిలిచియే ఉన్నది.

ఇదే ఊరిలో నేడు మోటారు బండ్ల షెడ్డులో పని నేర్చుకొనే కుర్రవాడు తిరిగే యంత్రాన్ని చేతబట్టి కారు రంగుకు మెరుగు పెడుతున్నాడు. రాయి వేరు, రంగు వేరు. కాని రెండు పనులకూ ఆధారమైన సూత్రం ఒక్కటే. మెరుగు అనేది పైన చేర్చే వస్తువు కాదు. ఎగుడుదిగుళ్లను తీసివేయగా మిగిలేది. తీసివేసిన దానిని మరల అంటించే వీలు లేదు. ఈ పనిలోని నేర్పంతా ఈ ఒక్క విషయంలోనే ఇమిడి ఉన్నది.

మెరుపు అంటే ఏమిటి?

గాలి లేనివేళ చెరువులో చెట్టు నీడ స్పష్టంగా కనబడుతుంది. గాలి వీచి అలలు లేవగానే ఆ నీడ చెదిరిపోతుంది. నీరు మారలేదు, నీటి పైభాగం మాత్రమే మారింది. రాతి సంగతీ అంతే. గరుకు తలంపై పడిన వెలుగు నలుదిక్కులకు చెదిరిపోతుంది. నున్నని తలంపై పడినది ఒకే దిక్కుకు మరలుతుంది. కంటికి కనబడే కాంతి తరంగాల పొడవు 0.4 నుండి 0.7 మైక్రాన్ల వరకు ఉంటుంది. మైక్రాన్ అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. తలం మీది మిట్టపల్లాలు ఈ పొడవులో చిన్న భాగానికి తగ్గినప్పుడు ఆ తలం అద్దంవలె పనిచేస్తుంది.

రాతికి నూనె రాసినా మెరుస్తుంది గదా అని అడుగవచ్చు. నూనె గుంటలను నింపి తాత్కాలికంగా పైభాగాన్ని సమం చేస్తుంది. అది ఆరిపోగానే పాత గరుకు బయటపడుతుంది. కారు మీద మైనం రుద్దినప్పుడు సన్నని గీతలు మాయమైనట్లు కనిపించేదీ ఇందువల్లనే. అది కప్పుట, మెరుగు పెట్టుట కాదు.

రాయిని ఎన్నుకొన్న తీరు

కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో రుద్రేశ్వరాలయం కట్టించాడు. ఇప్పుడు ములుగు జిల్లాలో ఉన్న ఈ ఆలయాన్నే జనం రామప్ప గుడి అంటారు. 2021లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. గుడి గోడలు ఎరుపు చాయగల ఇసుకరాతివి. చూరుక్రింద నిలిచిన మదనికలు, లోపలి మంటపంలోని చెక్కడపు స్తంభాలు నల్లని డోలరైటు రాతివి. ఇసుకరాయి మెరవదు, నల్లరాయి మెరుస్తుంది. రెండు రాళ్లూ ఒకే గుడిలో ప్రక్కప్రక్కన ఉండి తేడాను చక్కగా చూపుతున్నవి.

ఇసుకరాయి అంటే ఇసుక రేణువులు అతుక్కొని ఏర్పడిన రాయి. దానిని ఎంత రుద్దినా రేణువులు ఊడివచ్చి గుంటలు మిగులుతాయి. డోలరైటు భూగర్భంలోని ద్రవశిల చల్లారి గట్టిపడగా ఏర్పడినది. దాని స్ఫటికాలు సన్నగా, ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉంటాయి. నడుమ ఖాళీలు లేవు. పైగా అది నల్లనిది. లోపలికి పోయిన వెలుగును చాలవరకు మ్రింగివేస్తుంది. పైతలం నుండి తిరిగివచ్చిన వెలుగే కంటికి చేరుతుంది. కనుక మెరుగు కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది. నల్లని కారు తక్కిన వాటికంటె ఎక్కువ తళతళలాడడానికీ, దానిపై చిన్న గీత కూడ దాగకపోవడానికీ కారణం ఇదే.

గట్టిది మెత్తనిదానిని గీస్తుంది

1812లో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ మోస్ ఖనిజాల కాఠిన్యాన్ని 1 నుండి 10 వరకు వరుసలో పెట్టాడు. ఈ లెక్కలో డోలరైటులోని ఖనిజాలు 5, 6 స్థానాలకు దగ్గరగా ఉన్నవి. ఇసుకలోని క్వార్ట్‌జు 7, కురువిందం 9, వజ్రం 10. అంటే మామూలు ఇసుక సయితం డోలరైటును అరగదీయగలదు. కురువిందం ఇంకా త్వరగా అరగదీస్తుంది. ఆంగ్లంలో ఈ ఖనిజానికి వాడే కోరండం అనే పేరు దక్షిణ భారత భాషల నుండి పోయినదే. రసాయన శాస్త్రరీత్యా అది అల్యూమినియం ఆక్సైడు. ఈనాడు కారు రంగుకు పూసే పాలిష్ ముద్దలో సాధారణంగా ఉండే పొడి కూడ అదే.

రాతికి మెరుగు పెట్టేవాడు మొదట ముతక పొడితో రుద్దుతాడు. ఉలి గుర్తులు పోతాయి. కాని పొడి చేసిన గీతలు మిగులుతాయి. తరువాత అంతకంటె సన్నని పొడి వాడితే ఆ గీతలు పోయి, వాటికంటె సన్నని గీతలు పడతాయి. ఇట్లా మెట్టుమెట్టుగా గీతలు కంటికి ఆనకుండా పోయేవరకు పని సాగుతుంది. నడుమ ఒక మెట్టు దాటవేస్తే పాత గీతలు అడుగున మిగిలిపోయి, చివరి మెరుగులో బయటపడతాయి.

కాకతీయ స్తంభాలలోని గుండ్రని కట్లు, గాళ్లు చూచినప్పుడు తరిమెన పనితనం గుర్తుకు వస్తుంది. కల్యాణి చాళుక్యుల, హోయసలుల స్తంభాలలో ఎన్నింటినో త్రిప్పుతూ చెక్కి నునుపు చేసినారని చరిత్రకారుల అభిప్రాయం. హోయసలులకు దొరికినది మెత్తని బలపపురాయి. ఓరుగల్లు శిల్పులు అంతటి నునుపును కఠినమైన డోలరైటు మీద సాధించారు.

1704లో వెలువడిన కాంతిశాస్త్ర గ్రంథంలో న్యూటన్ ఈ విషయాన్ని చర్చించాడు. మెరుగు పెట్టుట అంటే గీతలను కంటికి కనబడనంత సన్నగా చేయుటయే అని ఆయన తేల్చాడు. 1921లో బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు జార్జి బీల్బీ మరొక మాట చెప్పాడు: రాపిడికి పైపొర ద్రవంవలె పారి గుంటలను నింపుతుందని. తరువాతి పరిశోధనలలో లోహాల విషయంలో న్యూటన్ మాటకే ఎక్కువ బలం చేకూరింది. అయితే రాపిడి పుట్టించే వేడి సామాన్యమైనది కాదు. రాయి దానిని తట్టుకుంటుంది, రంగు తట్టుకోలేదు.

పలుచని పొర

తొలినాటి మోటారు బండ్లకు వార్నిషు రంగులు వేసేవారు. అవి ఆరడానికి వారాలు పట్టేవి. 1924 నమూనా ఓక్లండు కార్లకు జనరల్ మోటార్సు సంస్థ డ్యూకో అనే నైట్రోసెల్యులోజు లక్కరును వాడింది. ఆరే కాలం గంటలకు తగ్గింది. కాని మెరుపు కోసం దానిని రుద్దవలసి వచ్చేది. 1980 తరువాత రంగు మీద రంగులేని పారదర్శకపు పొర వేయుట సాధారణమైంది. నేడు యంత్రం తగిలేది ఈ పొరకే. దాని మందం సుమారు 40, 50 మైక్రాన్లు. తల వెంట్రుక దానికంటె లావు. ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపేదీ ఆ పొరయే. అది మరీ పలుచబడితే వరంగల్లు ఎండలకు తెల్లబారి, పెచ్చులుగా ఊడుతుంది.

గీతను పోగొట్టడమంటే దాని చుట్టూ ఉన్న తలాన్ని గీత అడుగు వరకు దించుట. 3 మైక్రాన్ల లోతు గీత పోవలెనంటే 3 మైక్రాన్ల పొర పోవలసినదే. గోటికి తగిలే గీతను పూర్తిగా తీయబూనడం అందుకే ప్రమాదం.

కొత్తగా నేర్చుకొనేవానికి

యంత్రాలు రెండు రకాలు. ఒకదానిలో దిండు ఒకే ఇరుసు మీద గిరగిర తిరుగుతుంది. అది వేగంగా కోస్తుంది; ఒకచోట నిలిపితే క్షణాలలో రంగును మాడుస్తుంది. రెండవదానిలో దిండు తిరుగుతూనే చిన్న వృత్తంలో అటూఇటూ కదులుతుంది. దానితో వేడి తక్కువ. కొత్తవానికి తగినది అదే. కాని దానిని గట్టిగా అదిమితే దిండు తిరగడం మాని ఊగుతుంది. దిండు వెనుక పళ్లెంపై ఒక గీత గీసి ఉంచితే తిరుగుతున్నదీ లేనిదీ తెలుస్తుంది.

ముందు బండిని బాగా కడుగవలెను. అతుక్కున్న ఇసుక రేణువు ఒక్కటి మిగిలినా దిండు క్రింద అది ఉలి అవుతుంది. అంచుల మీద, మడతల మీద రంగు పలుచన. అక్కడ పట్టీ అంటించవలెను. నీడలో, చల్లని రేకు మీద, మూరెడు చదరం మేరకే పని సాగించవలెను. అన్నిటికంటె మెత్తని దిండుతో, అన్నిటికంటె సన్నని పాలిష్‌తో మొదలుపెట్టి ఫలితం చూడవలెను. చాలనప్పుడే పైమెట్టు ఎక్కవలెను. తొలి పాఠం కారు మీద కాక పారవేసిన బానెట్టు రేకు మీద నేర్చుకొనుట మేలు.

పని ముగిసిన తరువాత దీపం పెట్టి చూస్తే, దాని చుట్టూ సాలెగూడువంటి వలయాలు కొన్నిసార్లు కనబడతాయి. నిజానికి ఆ గీతలు అన్ని దిక్కులకూ ఉన్నవి. దీపానికి అడ్డంగా ఉన్నవి మాత్రమే వెలుగును కంటివైపు మరల్చుటవల్ల వలయాలుగా తోస్తాయి. పైమెట్టు గీతలు ఇంకా మిగిలి ఉన్నవని వాటి అర్థం.

1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమైంది. కాకతీయ రాజ్యంతోపాటు గుళ్లు కట్టించే ఆదరువు పోయింది. ఆ పనిని కొడుకుకూ శిష్యునికీ నేర్పే అవకాశమూ పోయింది. శాసనాలలో రాజు పేరు, సేనాని పేరు ఉన్నవి గాని మెరుగు పెట్టే విధానం లేదు. ఆనాటి శిల్పికి రాతిలో మూరల లోతు ఉండేది. తప్పు జరిగినా మరికొంత అరగదీసి సరిదిద్దుకొనే వీలుండేది. నేటి షెడ్డులోని కుర్రవానికి ఉన్నది వెంట్రుకకంటె పలుచని పొర. కనుక అతడు యంత్రం నడపడంతోపాటు, ఎక్కడ ఆపవలెనో కూడ నేర్చుకోవలెను.