బస్తరు విడాకులు: ఆస్తి, శ్రమ

ఓరుగల్లు పతనానంతరం, 14వ శతాబ్దంలో, కాకతీయ వంశీకుడైన అన్నమదేవుడు బస్తరు చేరి రాజ్యం స్థాపించినాడని ప్రసిద్ధి. భోపాలపట్నం, కుంట ప్రాంతాలలో నేటికీ తెలుగు వినబడుతున్నది. ఇంత దగ్గరి చుట్టరికం ఉన్న సీమలో, విడిపోయిన దంపతుల మధ్య న్యాయం ఏ లెక్కన జరిగేదో మనం విచారించవలసి ఉన్నది.

గ్రిగ్సన్ 1938లో మారియా గోండులను గురించి, ఎల్విన్ 1947లో మురియాలను గురించి గ్రంథాలు ప్రకటించారు. అక్కడి వివాహంలో వరుని పక్షమే ధనం ఇస్తుంది. మన పల్లెలలో దీనినే ఓలి అన్నారు. భార్య భర్తను విడిచి మరొకరిని చేపట్టినప్పుడు, ఆ రెండవవాడు మొదటివానికి పరిహారం చెల్లించవలెను. ఎంత అన్నది పంచాయతీ తేల్చుతుంది. స్త్రీకి విడిపోయే స్వేచ్ఛ ఉన్నది. కాని దానికి కట్టిన వెల ఇద్దరు పురుషుల మధ్యనే చేతులు మారుతుంది.

ఓలి ఇచ్చుకోలేని యువకునికి మరొక మార్గం ఉన్నది. అతడు కొన్నేళ్లు మామగారి ఇంట పనిచేసి పిల్లను చేసుకొంటాడు. అతనిని లమసేన అంటారు. అంటే శ్రమను ధనంగా లెక్కించడం ఆ సమాజానికి తెలియని విద్య కాదు. అల్లుడు చేసిన చాకిరి ఓలికి సమానమైనప్పుడు, ఇల్లాలు భర్త పొలంలో పదేళ్లు చేసిన చాకిరి దేనికి సమానం? ఓలిని చూచి కట్టే పరిహారంలో దానికి చోటు లేదు.

ఇది అడవి ఆచారమని మనం చిన్నచూపు చూడనక్కరలేదు. 13వ శతాబ్దంలోనే కేతన విజ్ఞానేశ్వరుని ధర్మశాస్త్రాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చినాడు. స్త్రీధనం మనకు పాత మాటే. అయినా 1955 హిందూ వివాహ చట్టంలోని 27వ సెక్షను పెళ్లినాటి ఉమ్మడి కానుకలను గురించే చెబుతుంది. కాపురంలో కూడబెట్టినదానిలో భార్యకు వాటా చెప్పదు. మనోవర్తి కోరవచ్చు గాని, అది పోషణ, వాటా కాదు. పోర్చుగీసు కాలపు సివిల్ కోడు నిలిచి ఉన్న గోవాలో మాత్రం, వేరే ఒప్పందం లేకుంటే, దంపతుల ఆస్తి ఉమ్మడి.

కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప 1955 చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. బస్తరు గోండులకు ఆచారమే శాసనం. ఆ ఆచారాలను కాపాడే అధికారాన్ని, తగవులు తీర్చే అధికారాన్ని 1996 పెసా చట్టం గ్రామసభకు గుర్తించింది. ఛత్తీస్‌గఢ్‌లోనే సర్గుజా ప్రాంతపు గోండు స్త్రీ వారసులకు తాతగారి ఆస్తిలో సమాన భాగం ఉన్నదని 2025 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అది పుట్టింటి ఆస్తి తగవు. మెట్టినింటి ప్రశ్న అట్లే ఉన్నది. దానికి గ్రామసభ బయటి కొలమానం వెదుకనక్కరలేదు. లమసేన శ్రమను కొలిచిన కుంచంతోనే ఇల్లాలి శ్రమను కూడా కొలిస్తే చాలును.