గడ్డిదంతె: ఒక చిన్న యంత్రపు చరిత్ర

వ్యవసాయ యంత్రాల చరిత్ర చెప్పేవారు ట్రాక్టరుకూ, కోత యంత్రానికీ అధ్యాయాలకు అధ్యాయాలు కేటాయిస్తారు. కోసిన గడ్డిని వరుసకు చేర్చే దంతెకు ఒక పేరా దక్కడమే అరుదు. ఇది అన్యాయమని నా అభిప్రాయం. శీతల దేశాల్లో చిన్న రైతు పాడిపశువులు చలికాలాన్ని దాటి బయటపడతాయా లేదా అన్నది, వేసవిలో ఆ దంతె నడిచే రెండు మూడు రోజుల మీద ఆధారపడి ఉండేది.

మనకు ఎండుగడ్డి అనగానే తోచేది వరిగడ్డి, అంటే ధాన్యం రాల్చుకున్నాక మిగిలేది. ఐరోపా, అమెరికాలలో ‘హే’ అన్నది వేరు. పచ్చికనో, లూసర్న్ వంటి పప్పుజాతి మేతనో పూత వేళకు కోసి, పొలంలోనే ఎండబెట్టి దాచుకునే పంట అది. కోసిన నాడు అందులో ముప్పాతిక వంతుకు పైగా నీరే. కట్టలు కట్టే నాటికి ఆ తేమ 20 శాతం లోపుకు దిగాలి. దిగకముందే వాము వేస్తే బూజు పడుతుంది. ఒక్కొక్కసారి లోపల సూక్ష్మజీవులు పుట్టించే వేడి పెరిగి పెరిగి, కొన్ని వారాల తరువాత వాము తనంతట తానే అంటుకుంటుంది. అట్లాగని మరీ ఎండనిచ్చి కదిలిస్తే లూసర్న్ ఆకు రాలిపోతుంది. మాంసకృత్తులలో అధికభాగం ఆకులోనే ఉంటుంది గనుక రైతుకు మిగిలేవి పుల్లలే. ఈ రెండు ప్రమాదాల నడుమ, ఎప్పుడు మబ్బు పడుతుందో తెలియని ఆకాశం కింద, గడ్డిని తిరగవేసి గాలి చొరబడే వరుసగా పేర్చడం దంతె పని. ఆ వరుసకు ఆంగ్లంలో ఉన్న పేరు ‘విండ్‌రో’; ఆ పేరులోనే గాలి ఉంది.

శతాబ్దాల పాటు ఈ పనికి చెక్కపళ్ళ చేతిదంతె తప్ప మరొకటి లేదు. కోత మగవారిదీ, దంతె పట్టడం తరచుగా ఆడవారిదీ పిల్లలదీ. 19వ శతాబ్దంలో గుర్రపుదంతె వచ్చింది: రెండు పెద్ద చక్రాలు, నడుమ ఒక ఆసనం, వెనుక విల్లులా వంగిన ఉక్కుపళ్ళు. పళ్ళు నిండగానే తోలేవాడు మీట నొక్కితే అవి పైకి లేచి పోగును వదిలేవి. పోగులు గుర్రం నడిచే దారికి అడ్డంగా పడేవి. పంగలకర్రతో బండికి ఎత్తేవారికి అదే అనుకూలం. తరువాత బండి వెనుక తగిలించి గడ్డిని దానంతట అదే ఎత్తే యంత్రం వచ్చింది. దానికి పోగులు పనికిరావు. తెగని పొడుగాటి వరుస కావాలి. అందుకే గడ్డిని పక్కకు నెట్టుతూ, నడిచే దారి వెంటనే వరుస వేసే దంతె పుట్టింది. ఆ పైన కట్టలు కట్టే బేలర్ వచ్చి, ఆ వరుస ఎగుడుదిగుడులు లేకుండా ఉండాలని షరతు పెట్టింది. దంతె రూపం ప్రతిసారీ దాని వెనుక వచ్చేదాన్ని అనుసరించి మారుతూ వచ్చింది.

ట్రాక్టరు కొన్న తొలినాళ్ళ చిన్న రైతులు పాత గుర్రపుదంతెను పారవేయలేదు. కాడి కొయ్యలు కోసివేసి ట్రాక్టరుకు తగిలించారు. ట్రాక్టరు మీద ఒకరు, దంతె మీద మీట నొక్కడానికి మరొకరు. ఐర్లండులో పుట్టిన హారీ ఫెర్గూసన్ రూపొందించిన మూడు బిందువుల బిగింపు ఈ రెండవ మనిషి అవసరాన్ని తొలగించింది. 1946 నుండి 1956 వరకు ఇంగ్లండులోని కోవెంట్రీలో తయారైన ఆయన టి.ఇ.20 ట్రాక్టర్లు ఐదు లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. పనిముట్టు ట్రాక్టరులో ఒక అవయవమై, కూర్చున్న చోటి నుండే లేవనెత్తడానికీ దించడానికీ వీలైంది. ఇరుకు మళ్ళలో, గట్ల పక్కన మళ్ళించుకోవలసిన చిన్న కమతానికి ఇది ఎంత మేలో వేరే చెప్పనక్కరలేదు.

ఇంచుమించు అదే కాలంలో, 1948లో, నెదర్లాండ్స్‌లోని మాస్‌లాండ్ గ్రామంలో కార్నెలిస్, ఆరీ వాన్ డెర్ లేలీ అనే సోదరులు ఒక సంస్థ స్థాపించారు. వారికి పేరు తెచ్చిన తొలి యంత్రం చక్రాల దంతె. అంచు చుట్టూ సన్నని ఉక్కుతీగ పళ్ళున్న చక్రాలు కొన్ని, నడిచే దిశకు ఏటవాలుగా, ఒకదాని పక్కన ఒకటి నిలుస్తాయి. ట్రాక్టరు ముందుకు సాగితే పళ్ళు నేలకు తగిలి ఆ ఒరిపిడికే చక్రాలు తిరుగుతాయి. గడ్డి ఒక చక్రం నుండి మరొక చక్రానికి చేరి చివర వరుసగా పడుతుంది. ఇంజిను నుండి శక్తి తీసుకునే ఇరుసు లేదు, పళ్ళచక్రాల పెట్టె లేదు. ప్రతి చక్రమూ విడిగా పైకీ కిందికీ కదులుతుంది గనుక మిట్టపల్లాలు పెద్ద ఇబ్బంది కావు. యంత్రాన్ని ఇంత తక్కువ సామగ్రితో ముగించగలగడం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే.

దాని లోపమూ ఆ సుగుణంలోనే ఉంది. నేలను తాకనిదే తిరగదు గనుక మట్టినీ రాళ్ళనూ గడ్డిలో కలుపుతుంది. బరువు ఎక్కువగా ఆనిస్తే పశువుల మేతలోకి దుమ్ము చేరుతుంది. వేగం పెంచితే ఆకు రాలుతుంది, వరుస తాడులా మెలివడి లోపల ఆరదు. పళ్ళ కొనలు నేలను అంటీ అంటనట్లు ఉండేలా స్ప్రింగులు సరిచూసుకోవాలి. లూసర్న్ అయితే ఇంకా 40 శాతం తేమ ఉండగానే, లేదా ఉదయపు మంచు ఆకును మెత్తబరిచినప్పుడే లాగాలి. ఈ లోపాలను సరిదిద్దడానికి వచ్చిన గిరకదంతె ఇంజిను శక్తితో తిరుగుతూ, పళ్ళను వరుస దగ్గర పైకి ఎత్తివేస్తుంది. దాని వరుస గుల్లగా, శుభ్రంగా ఉంటుంది. ఖరీదూ మరమ్మతూ ఎక్కువ. ఐదారు ఎకరాల మామూలు పచ్చికకు, చిన్న ట్రాక్టరుకు, నాలుగైదు చక్రాల దంతె చాలునని నేననుకుంటాను. లూసర్న్ పండించి అమ్ముకునేవారి లెక్క వేరు. ఏది కొన్నా, ముందు బేలర్ నోరు ఎంత వెడల్పో చూసుకొని వరుస వెడల్పు నిర్ణయించుకోవాలి.

తెలుగునాట ఇట్టి దంతె చిరకాలం ఎందుకు లేదన్న ప్రశ్న రావచ్చు. అవసరం లేకపోవడమే కారణం. కొడవలితో కోసి, పనలు కట్టి, కుప్ప వేసి, కళ్ళంలో నూర్చినంత కాలం గడ్డి చెదరలేదు. కళ్ళం పక్కనే వాము అయింది. హార్వెస్టర్ వచ్చాక ధాన్యం సంచిలోకీ, గడ్డి మడిలోకీ వేరుపడ్డాయి. ఏరించడానికి కూలీలు చాలక, తరువాతి పంటకు తొందరై, చాలాచోట్ల దానికి నిప్పు పెట్టారు. 2018లో కేంద్రప్రభుత్వం పంజాబ్, హర్యానా, ఉత్తరప్రదేశ్, ఢిల్లీలలో వరిగడ్డి తగులబెట్టకుండా యంత్రాలకు రాయితీ పథకం మొదలుపెట్టింది. తరువాత ఆ జాబితాలో బేలర్‌తో పాటు దంతె కూడా చేరింది. కృష్ణా గోదావరి డెల్టాలలో చిక్కు మరొక రకం. కార్తీక మార్గశిరాల తుఫానుకు మడిలో తడిసిన గడ్డిని తిరగవేసి ఆరబెట్టనిదే బేలర్ ముట్టుకోదు. నల్లరేగడి బురద ఆరకముందే చక్రాల దంతెను దించితే గడ్డి కంటే మట్టే ఎక్కువ వస్తుంది. ఆగితే మినుము మొలక మీద ట్రాక్టరు నడపవలసి వస్తుంది. ఆ మినుమును కోతకు ముందే వరిలో చల్లి ఉంటారు గదా!