లోబడుట, లోబఱచుట

క్రైస్తవకుటుంబములలో భార్యను గొట్టు మగఁడు తనకుఁ బ్రమాణముగాఁ జూపు వాక్యము తఱచుగా నొక్కటే. అది పౌలు పేర వెలసిన యెఫెసీయుల లేఖలో 5వ యధ్యాయమునందలి 22వ వచనము. భార్యలు భర్తలకు లోబడవలెనని దాని తాత్పర్యము. దెబ్బలు తిన్న స్త్రీ యాశ్రయము గోరి బోధకునికడకుఁ బోయినను నామెకు మరల నీ వాక్యమే వినఁబడుట కలదు. కావున వేదాంతము నటుంచి, శబ్దమును మాత్ర మిచ్చటఁ బరీక్షించెదను. నేను శాబ్దికుఁడను, నా యధికార మంతవఱకే.

మూలము గ్రీకుభాష. క్రీ. శ. 200 ప్రాంతమునాఁటి దని పండితు లెంచు పపైరసుప్రతియందును, 4వ శతాబ్దిదగు వాటికనుప్రతియందును నీ 22వ వచనమునఁ గ్రియయే లేదు. క్రియ 21వ వచనమున నున్నది. అచ్చట 'ఒకరి కొకరు లోబడుచు' అని యర్థము. ఆ క్రియయే క్రిందికి దిగివచ్చును. లాటినుప్రతులలోఁ గనఁబడు క్రియ గ్రీకుప్రతులలో లేదని 4వ శతాబ్దియందే జెరోము పండితుఁడు గుర్తించెను. వ్యాకరణము చదివినవారి కిది వింత గాదు. అష్టాధ్యాయిలో యణ్‌సంధిసూత్రమునందలి 'అచి' యను పదము తరువాతిసూత్రమునఁ గంటికిఁ గనఁబడకున్నను నచ్చటి కనువర్తించును. పైదానిని విడిచి క్రిందిదానిని మాత్రము చదివినవాఁ డర్థము చెప్పలేఁడు. తెలుఁగు బైబిలునందు రెండు వచనములకును వేర్వేఱుగాఁ గ్రియ యుండుటచే నీ సంబంధము మఱుగుపడినది.

అనువృత్తి క్రియకే గాని 'ఒకరి కొకరు' అను పదమునకుఁ గాదు గదా యని యాక్షేపింతురేమో. ఒప్పుకొందము. అయినను లోబడుట వేఱు, లోబఱచుట వేఱు. మొదటిది యకర్మకము, కర్త తానై చేయునది. రెండవది సకర్మకము, ఒరులమీఁదఁ జేయునది. లేఖాకర్త భార్యలను బిలిచి లోబడుఁడని చెప్పెనేకాని, భర్తలను బిలిచి వారిని లోబఱపుఁడని యా ప్రకరణమున నెచ్చటను జెప్పలేదు. భర్తలకు విధింపఁబడినది ప్రేమించుట. తమ దేహములనువలె భార్యలను బోషించుట. దండనాధికారమును జెప్పు శబ్ద మచ్చట లేదు. లేని ణిజర్థమును జేర్చి చదివినవాని చేతికే కఱ్ఱ దొరకినది.

ఇట్లనుట పరమతమును దెప్పుటకుఁ గాదు. భార్య తప్పు చేసినచోఁ ద్రాటితోనో వెదురుబద్దతోనో వెన్నుమీఁదఁ గొట్టవచ్చునని మనుస్మృతి యష్టమాధ్యాయమున నున్నది. మనకు శబ్దముకూడ నడ్డము రాలేదు.

ప్రాచీనులలో యోహాను క్రిసోస్తొముఁడు, 398లోఁ గాన్‌స్టాంటినోపిలు పీఠ మెక్కుటకు మున్ను, అంతియొకయలోఁ గొరింథీయుల మొదటిలేఖపై నుపన్యసించుచు నీ విషయమును గట్టిగాఁ జెప్పెను. దాసిని గొట్టుటయే పురుషునకు సిగ్గుచేటు, భార్యను గొట్టుట యెంతో హీనము, అవమానము దెబ్బ తిన్నదానికిఁ గాదు, కొట్టినవానికే యనెను. ఏడ్పులు వీథులవెంట వినఁబడఁగా నిరుగుపొరుగువారును ద్రోవఁ బోవువారును, లోపల మృగ మేదో చొచ్చినట్లు, ఆ యింటికిఁ బరుగెత్తుదురని వర్ణించెను. కొట్టువానితోఁ గాఁపురము చేయుమని యన్యమతస్థుల చట్టములును నిర్బంధింపవనెను. కాని యా నోటితోడనే, దురదృష్టవశమున నట్టి మగఁడు దొరకెనేని పరలోకఫలము దలఁచి యోర్చుకొనవలసినదని భార్యకు బోధించెను. మగనికిఁ జెప్పినది మఱవఁబడినది. భార్యకుఁ జెప్పినది నిలిచినది.

క్రీ. శ. 400 ప్రాంతమున నగస్తీనుఁడు తన యాత్మకథయందుఁ దల్లి మోనికను వర్ణించిన తీరును నిట్టిదే. మొగములపై దెబ్బలగుర్తులతో వచ్చి మొఱపెట్టుకొను నెచ్చెలులకు, వివాహపత్రము చదువఁబడిన దినమే మీరు దాసులైతి రని యామె చెప్పెడిదఁట. కోపిష్ఠియయ్యుఁ దన తండ్రి యామెను గొట్టకుండుటకు నామె యోర్పే కారణమని కుమారుని సూచన. అట్లైనఁ దక్కిన స్త్రీలు తిన్న దెబ్బలకు వారి నోళ్లే కారణమని తేలును. ఇది నాకు రుచింపదు.

చట్టములును నూఁగులాడినవి. స్వతంత్రస్త్రీకిఁ దగని కొరడాదెబ్బలు కొట్టెనని ఋజువు చేసినచో భార్య మగని విడువవచ్చునని 449లో రెండవ థియొడోసియుసు చక్రవర్తి శాసించెను. 542లో జస్టీనియను చక్రవర్తి దానిని గొట్టివేసి, కొట్టినవాఁడు ధనము చెల్లించినఁ జాలును, వివాహము చెడదనెను.

మన దేశమున క్రైస్తవులకు వర్తించిన 1869 నాఁటి విడాకులచట్టము 1857 నాఁటి యింగ్లీషుచట్టమును జూచి వ్రాయఁబడినది. భార్య దెబ్బలను ఋజువు చేసినను వేఱు కాఁపురమునకు మాత్రమే యుత్తరువు దొరకును. విడాకులకు మగని జారత్వమునుగూడ ఋజువు చేయవలెను. కృష్ణా, గుంటూరు, నెల్లూరు మండలముల క్రైస్తవస్త్రీలకును నిదియే శాసనము. ఇంగ్లండు 1937లోఁ దన చట్టమును మార్చుకొనెను. ఇచ్చట 1995లోఁ గేరళ హైకోర్టు క్రూరత్వ మొక్కటియే చాలునని తీర్పు చెప్పెను; 2001లోఁ బార్లమెంటు చట్టమునే సవరించెను. 2006 అక్టోబరు 26 నుండి యమలులోనికి వచ్చిన గృహహింసచట్టము, మతభేదము లేక, దెబ్బ తిన్న స్త్రీకి మగఁ డున్న యింటనే నివసించు హక్కు నిచ్చినది.