ఇంజనీరింగ్ పట్టభద్రులకు కర్మాగార శిక్షణ – అప్రెంటిస్‌షిప్ చట్టం కల్పించిన అవకాశం

ఉత్పత్తి రంగంలో ప్రవేశించే ఇంజనీరుకు డ్రాయింగును చదవడం ఎంత అవసరమో, అందులో చూపిన కొలతను యంత్రంపై సాధించడం కూడా అంతే అవసరం. మిల్లీమీటరులో కొన్ని వందో వంతుల తేడా చాలు, షాఫ్టు బేరింగులో ఇమడదు. లేత్‌పై పనిముట్టు అంచు అరిగినపుడు, లోహం వేడెక్కి వ్యాకోచించినపుడు, బిగింపు సడలినపుడు కొలత ఏ విధంగా మారుతుందో పాఠ్యపుస్తకం వివరించగలదు గాని చేతికి అలవాటు చేయజాలదు.

ఈ లోటును పూరించేందుకు చట్టపరమైన మార్గం చాలాకాలంగా ఉన్నది. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం తొలుత వృత్తి పనివారికే పరిమితం కాగా, 1973 సవరణతో ఇంజనీరింగ్ పట్టభద్రులు, డిప్లొమాదారులు దాని పరిధిలోకి వచ్చారు. వీరికి సాధారణంగా ఒక సంవత్సరం శిక్షణ ఉంటుంది. దక్షిణాది రాష్ట్రాలకు సంబంధించి ఈ పథకాన్ని చెన్నైలోని అప్రెంటిస్‌షిప్ శిక్షణ మండలి నిర్వహిస్తున్నది. ఐ.టి.ఐ. వారి ట్రేడ్ అప్రెంటిస్‌షిప్ ఇందుకు భిన్నమైనది. వార్తలలో ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం కద్దు. పాత్రికేయులు ఈ భేదాన్ని గమనింపగలరు.

2019లో సవరించిన నిబంధనల ప్రకారం 30 మంది లేక అంతకు మించి సిబ్బంది గల సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుండి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకొనవలసి ఉన్నది. పట్టభద్రులకు నెలకు రూ.9,000, డిప్లొమాదారులకు రూ.8,000 కనీస భృతిగా ఆ నిబంధనలు నిర్ణయించాయి. ఈ కనీస భృతిలో సగం కేంద్ర ప్రభుత్వం భరిస్తుంది.

చదువును, పనిని విడదీయకుండా బోధించే సంస్థకు నిదర్శనం హైదరాబాదు బాలానగర్‌లోని కేంద్రీయ టూల్ డిజైన్ సంస్థ. ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల సహకారంతో 1968లో ఇది నెలకొల్పబడినది. డైలు, మౌల్డుల తయారీలో శిక్షణతోపాటు పరిశ్రమలకు కావలసిన పనిముట్లను కూడా ఇచ్చట రూపొందిస్తారు. విద్యార్థి చేసిన తప్పు మార్కుల జాబితాలో గాక, పాడైపోయిన లోహపు దిమ్మెలో కనిపిస్తుంది. బహుశా అందువల్లనే అది మరపునకు రాదు.

శిక్షణార్థులు ముఖ్యంగా ఎరుగవలసిన విషయం ఒకటున్నది. సంస్థతో కుదుర్చుకొన్న ఒప్పందాన్ని చట్టప్రకారం నమోదు చేయించవలసి ఉంటుంది. అప్రెంటిస్ ఉద్యోగి కాడు, శిక్షణార్థి మాత్రమే. అయినప్పటికీ ఆరోగ్య, భద్రతా నిబంధనలు అతనికి వర్తిస్తాయి. శిక్షణానంతరం ఉద్యోగమిచ్చు విషయమై ప్రతి యాజమాన్యం తన విధానాన్ని తానే రూపొందించుకొనవలెనని 2014 సవరణ నిర్దేశించినది. కావున చేరుటకు పూర్వమే ఆ విధానాన్ని అడిగి తెలిసికొనుట మేలు.